మూసిన పెట్టె, నోరు విప్పిన యజమాని

హౌరాలో ఖరగపూర్ వైపు పోయే లోకల్ రైలు ఎక్కినవారికి మొట్టమొదట తగిలే స్టేషను టికియాపారా. మనం స్థూలంగా కలకత్తా అనుకుంటాము గాని, అది హుగ్లీ నదికి ఆవలి ఒడ్డున హౌరా నగరంలో ఉన్నది. ఆగ్నేయ రైల్వేవారి లోకల్ రైళ్లకు మరమ్మతులు చేసే పెద్ద షెడ్డు అక్కడిదే. వెనుకటి బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచి శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాలవారు ఎందరో ఈ మార్గం వెంట ఉద్యోగాలకు వచ్చి స్థిరపడ్డారు. మా మేనమామ కుమారుడు అట్లా వచ్చినవాడే. ఫిట్టరుగా పనిచేసి రిటైరయి, షెడ్డుకు దగ్గరలోనే ఉంటున్నాడు. ఆ మధ్య అతనిని చూడబోయి రెండు రోజులు ఉన్నాను.

వారి ఇంటి పక్కన ఒక లేతు మిషను షాపు ఉన్నది. ఆ పేటలో అటువంటివి ఎన్నో. హౌరాకు ఒకప్పుడు తూర్పుదేశపు షెఫీల్డ్ అని పేరు తెచ్చినవి పెద్ద కర్మాగారాలు మాత్రమే కావు. రెండు మిషన్లు, ముగ్గురు మనుషులు గల ఇటువంటి గదులు కూడా. వృద్ధుడైన యజమాని ఇత్తడి ముక్కనొకదానిని నున్నగా తరుగుతున్నాడు.

“ఇది ఏ యంత్రానికి బావా?” అని అడిగాను. మా బావ బెంగాలీలో అడిగి, ఆయన జవాబు నాకు చెప్పాడు: “ఆయనకూ తెలియదట. పార్టీ డ్రాయింగు ఇస్తుంది, ఈయన చేసి ఇస్తాడు. జాబ్ వర్కు.”

సరుకు మరొకరిది, ప్రయోజనం మరొకరిది, పని మాత్రం ఈయనది. తాను చేస్తున్నది ఏమిటో తెలియకుండానే సరిగా చేయడం ఈ వృత్తికి ప్రాణం. కంప్యూటరు శాస్త్రజ్ఞులు దాదాపు యాభై సంవత్సరాలుగా సాధించాలని తపిస్తున్నది సరిగా ఇదే. దానికి హోమోమార్ఫిక్ ఎన్‌క్రిప్షన్ అని పేరు. మనం సమరూప గుప్తీకరణ అందాము. ఒక ఆసుపత్రివారు రోగుల రక్తపరీక్షల అంకెలను రహస్యలిపిలోకి మార్చి, ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటరు సంస్థకు పంపుతారు. ఆ సంస్థ రహస్యాన్ని విప్పకుండానే కూడికలు, గుణకారాలు చేసి, ఫలితాన్ని కూడా రహస్యలిపిలోనే తిప్పి పంపుతుంది. తాళపుచెవి ఆసుపత్రి దగ్గరనే ఉంటుంది గనుక, లెక్క చేసినవానికి అంకె ఒక్కటీ తెలియదు. పౌరుల వ్యక్తిగత సమాచారాన్ని కాపాడే బాధ్యతను సంస్థలమీద మోపుతూ 2023లో మన పార్లమెంటు చట్టం చేసిన తరువాత, బ్యాంకులకూ ఆసుపత్రులకూ ఇటువంటి విద్య వరంలా తోచడంలో వింత లేదు.

వినడానికి గారడీలా ఉన్నది గదా. పాఠకులు కాగితం, పెన్సిలు తీసుకుంటే ఇప్పుడే చేసి చూడవచ్చు. 1978లో రివెస్ట్, షమీర్, ఏడెల్‌మన్ అనే ముగ్గురు ప్రచురించిన ఆర్.ఎస్.ఎ. పద్ధతిని చాలా చిన్న అంకెలతో చూద్దాము. దాచవలసిన అంకెను మూడుసార్లు దానితోనే గుణించి, 33తో భాగించి, శేషాన్ని పంపాలి. దాచవలసినది 4 అనుకోండి. 4×4×4 అంటే 64. 33 పోగా 31. ఈ 31 మన గూఢలేఖ. ఇదే విధంగా 2కు గూఢలేఖ 8. ఇప్పుడు రహస్యం తెలియనివాడు 31ని 8తో గుణిస్తే 248 వస్తుంది. 33తో భాగిస్తే శేషం 17. ఈ 17 దేనికి గూఢలేఖ? 8×8×8 అంటే 512; 33తో భాగించి చూడండి, శేషం 17. అంటే 17 అనేది 8కి గూఢలేఖ. లోపల ఉన్నది నాలుగని తెలియకుండానే అతడు దానిని రెట్టింపు చేసి పెట్టాడు.

అదే 1978లో రివెస్ట్, ఏడెల్‌మన్‌లు డెర్టూజోస్ అనే మరొకరితో కలిసి, రహస్యలిపిమీదనే లెక్కలన్నీ చేయగల పద్ధతి సాధ్యమా అన్న ప్రశ్న వేశారు. గుణకారం ఒక్కటే చేయగల పద్ధతులు దొరికాయి, కూడిక ఒక్కటే చేయగలవి దొరికాయి. రెండూ చేయగల పద్ధతి నమ్మకంగా దొరకడానికి 2009 దాకా పట్టింది. అప్పుడు స్టాన్‌ఫర్డ్‌లో పరిశోధక విద్యార్థిగా ఉన్న క్రెయిగ్ జెంట్రీ ఆ ముడి విప్పాడు. దానిని తరువాత తేలిక చేసి నిలబెట్టినవారిలో మద్రాసు ఐ.ఐ.టి.లో చదివిన వినోద్ వైకుంఠనాథన్ ముఖ్యుడు. అతనికీ, జెంట్రీకీ, బ్రాకెర్‌స్కీకీ కలిపి 2022లో గోడెల్ బహుమతి వచ్చింది.

ఇంతవరకు సంతోషమే. ఇప్పుడు మళ్లీ ఆ పెన్సిలు లెక్కకు రండి.

ఒక దొంగ మన గూఢలేఖ 31ని దారిలో పట్టుకున్నాడు. యజమాని దగ్గరకు పోయి “దీనిని విప్పి చెప్పండి” అంటే చెప్పడు. అది తనదేనని గుర్తుపడతాడు. అందుచేత దొంగ దానిని 8తో గుణించి 17గా మార్చి, “అయ్యా, ఇది మరొక ఉత్తరం, ఇందులో ఏమున్నది?” అని అమాయకంగా అడుగుతాడు. యజమాని పోల్చుకోలేడు. విప్పి “ఎనిమిది” అంటాడు. దొంగ దానిని సగం చేసుకుంటాడు. అంతే. తాళం పగలలేదు, తాళపుచెవి పోలేదు, రహస్యం మాత్రం పోయింది.

గుణం చూపిన లెక్క, దోషం చూపిన లెక్క ఒక్కటేనని గమనించండి. ఈ విషయంలోని కష్టమంతా ఇక్కడ ఉన్నది. దీనిని శాస్త్రజ్ఞులు ఎంపిక చేసిన గూఢలేఖతో దాడి అంటారు. దొంగ తనకు కావలసిన గూఢలేఖలను తానే తయారుచేసి, వాటిని యజమాని చేత విప్పించి, ఆ జవాబులతో అసలు రహస్యాన్ని పట్టడం దాని స్వరూపం. దొంగకు ఎంత అవకాశం ఇస్తామన్నదానిని బట్టి ఇందులో రెండు మెట్లు ఉన్నాయి. మొదటిది 1990లో నవోర్, యుంగ్ అనేవారు నిర్వచించినది. అసలు ఉత్తరం చేతికి రాకముందు మాత్రమే దొంగ ప్రశ్నలు అడగవచ్చు. యజమాని భోజనానికి లేచినప్పుడు అతని బల్ల దగ్గర చేరినవాడివంటి దాడి గనుక దీనికి భోజనవేళ దాడి అని ముద్దుపేరు. రెండవది 1991లో రాకాఫ్, సైమన్ చెప్పినది. ఉత్తరం చేజిక్కిన తరువాత కూడా, ఆ ఒక్క ఉత్తరాన్ని తప్ప మరి దేనినైనా విప్పించుకోవచ్చు. ఈ రెండవ పరీక్షకు నిలిచిన పద్ధతినే నేడు మంచి గుప్తీకరణ అంటారు. 1991లోనే డోలెవ్, డ్వర్క్, నవోర్ మరొక మాట చెప్పారు. మంచి గూఢలేఖ మలచడానికి లొంగనిదై ఉండాలి. దానిని తాకి సార్థకమైన మరొక గూఢలేఖగా మార్చడం ఎవరికీ సాధ్యం కాకూడదు.

సమరూప గుప్తీకరణ అంటేనే మలచడానికి లొంగేది. అది అందుకోసమే పుట్టింది. కనుక అది రెండవ పరీక్షకు ఏనాటికీ నిలవదు. ఇంకా తెలివైనవారు వచ్చి బాగుచేస్తారని ఆశించడానికి వీలులేదు. ఇది నేర్పులోని లోపం కాదు, నిర్వచనంలోనే ఉన్న వైరం. మామూలు ఆర్.ఎస్.ఎ. మాట వేరు. 1994లో బెల్లారే, రోగవే అనేవారు దాచవలసిన అంకెకు ముందుగానే ఒక చిక్కుముడి వేసే ఉపాయం చెప్పి, పైన మనం చేసిన రెట్టింపు గారడీని పనికిరాకుండా చేశారు. అక్కడ ఆ గుణం పోతే నష్టం లేదు. ఇక్కడ ఆ గుణమే సరుకు.

“విప్పి చెప్పమంటే ఏ యజమాని చెప్తాడు?” అని పాఠకులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 1998 దాకా చాలామంది నిపుణులు కూడా ఈ దాడి పుస్తకాల్లో ఉండే భయమేనని అనుకున్నారు. ఆ ఏడు బెల్ ప్రయోగశాలకు చెందిన డేనియల్ బ్లైకెన్‌బాకర్, యజమాని రహస్యం చెప్పనక్కరలేదనీ, “ఉత్తరం సరైన రూపంలో లేదు” అని విసుక్కుంటే చాలుననీ చూపించాడు. ఇంటర్నెట్‌లో వ్యాపారానికి వాడే ఎస్.ఎస్.ఎల్. పద్ధతిలో కంప్యూటర్లు అటువంటి విసుగును మర్యాదగా తిప్పి పంపేవి. మచ్చుకు పది లక్షల ఉత్తరాలు పంపి, ఒక్కొక్కదానికి వచ్చిన అవును, కాదు అన్న జవాబును కూడబెడితే రహస్యం మొత్తం తేలేది. ఆ దోషమే 2017లో కొన్ని పెద్ద సంస్థల కంప్యూటర్లలో మళ్లీ బయటపడింది. పందొమ్మిదేళ్ల తరువాత!

ఈ సంగతి మా బావకు ఓపికగా చెబుతూంటే లేతు షాపు వృద్ధుడు విని, నవ్వి, తన అనుభవం ఒకటి చెప్పాడు. ఒక పార్టీ ఆయన చేత ఒక పిన్ను చేయించుకున్నది. అది దూరవలసిన రంధ్రం ఉన్న భాగాన్ని చూపలేదు, దాని కొలతా చెప్పలేదు. పని తెలిసిపోతుందని భయం. ఈయన మచ్చుకు ఒకటి చేసి పంపాడు. “టైటు” అని వెనక్కు వచ్చింది. కాస్త తరిగి మరొకటి పంపాడు. “లూజు” అన్నారు. మధ్యకు మధ్య వేసి పంపాడు. ఐదారుసార్లు తిరిగేసరికి, వారు దాచుకున్న కొలత ఈయన గోడమీద సుద్దతో రాసి ఉన్నది. వారు చెప్పిందల్లా రెండే మాటలు.

ఒక మిల్లీమీటరు వెడల్పులో ఎక్కడో ఉన్న కొలతను ఇట్లా సగం సగం చేసుకుంటూ పోతే, పది జవాబులకు మిల్లీమీటరులో 1,024వ వంతు దాకా తేలుతుంది. రహస్యం ఎంత సన్నగా ఉన్నా ప్రశ్నల సంఖ్య పెద్దగా పెరగదు. ఇదే ఈ దాడికి బలం.

నేను వెతుకుతున్న ఉదాహరణ కూడా ఆ రైలు మార్గం మీదనే, 115 కిలోమీటర్ల దూరంలో దొరికింది. ఖరగపూర్‌లో 1951లో స్థాపించిన ఐ.ఐ.టి.లోని దేబ్‌దీప్ ముఖోపాధ్యాయ్, ఆయన సహచరులు 2022లో ఒక పరిశోధనాపత్రం వెలువరించారు. 2015లో వచ్చిన ఎఫ్.హెచ్.ఇ.డబ్ల్యు., 2016లో వచ్చిన టి.ఎఫ్.హెచ్.ఇ. అనే రెండు ప్రసిద్ధమైన సమరూప పద్ధతులలో, యజమాని చేసే ఫిర్యాదుల నుంచే తాళపుచెవిని మొత్తంగా రాబట్టవచ్చునని వారు అందులో చూపారు. ఎట్లాగో కాస్త నిదానంగా చూడవలసి ఉన్నది.

ఈ పద్ధతులలో తాళపుచెవి అంటే కొన్ని రహస్యపు అంకెల వరుస. కొన్ని వందలు ఉంటాయి. ఒక్కొక్క గూఢలేఖలో అందరికీ కనిపించే అంకెలు అన్నే ఉంటాయి, వాటితోపాటు ఒక మొత్తం ఉంటుంది. కనిపించే అంకెలను రహస్యపు అంకెలతో వరుసగా గుణించి, కూడి, దానికి దాచవలసిన సమాచారాన్ని చేర్చి, చివర బుద్ధిపూర్వకంగా ఒక చిన్న తప్పును కలిపితే ఆ మొత్తం వస్తుంది. ఈ తప్పు లేకపోతే మనం హైస్కూలులో చేసిన సమీకరణాలే. ఎన్ని తెలియని అంకెలున్నాయో అన్ని సమీకరణాలు ఉంటే చాలు, తాళపుచెవి బయటపడుతుంది. తప్పు కలిపితే మాత్రం ఎంతటి కంప్యూటరుకూ అది అందదని నమ్మకం. 2005లో ఓడెడ్ రెగెవ్ వేసిన పునాది ఇది. రక్షణంతా తప్పులోనే ఉన్నదన్నమాట. నాకు ఇది ఎంతో ముచ్చట గొలిపే ఉపాయం.

యజమాని విప్పేటప్పుడు రహస్యపు భాగాన్ని తీసివేయగా మిగిలినదానిని చూస్తాడు. 0 నుంచి 99 దాకా గల స్కేలు అనుకోండి. మిగిలినది 25 నుంచి 74 లోపల ఉంటే సమాచారం 1, లేకపోతే 0. ఒక గూఢలేఖలో సమాచారం 0, కలిపిన తప్పు 3. మిగిలేది 3 గనుక యజమాని దానిని 0గానే చదువుతాడు. లెక్క చేసిపెట్టే సంస్థలో ఒక దుర్మార్గుడు ఉన్నాడు. గూఢలేఖలోని మొత్తానికి అతడు 16 కలిపి పంపాడు. మిగిలేది 19, యజమానికి తేడా కనిపించదు, మౌనం. మరొకసారి 24 కలిపాడు. మిగిలేది 27, సున్న కాస్తా ఒకటయింది, లెక్క తప్పింది. “మీ ఫలితం తప్పుగా ఉన్నది, మళ్లీ చేయండి” అని ఆసుపత్రి ఉత్తరం రాసింది. 20 కలిపితే మౌనం. 22 కలిపితే ఫిర్యాదు. 21 కలిపితే మౌనం. హద్దు 25, 22 దగ్గర దాటింది గనుక, దాగిన తప్పు 3. టైటు, లూజు, టైటు, లూజు.

తప్పు తెలిసిన గూఢలేఖ ఇక గూఢలేఖ కాదు, తేటతెల్లమైన ఒక సమీకరణం. అటువంటివి కొన్ని వందలు కూడబెడితే హైస్కూలు లెక్కే. ఆ తరువాత ఆ తాళపుచెవితో దాచిన రోగుల వివరాలన్నీ, పాతవీ కొత్తవీ, తెరిచిన పుస్తకమే. ఇందులో ఆసుపత్రివారు చేసిన తప్పు ఏమిటి? డబ్బిచ్చి చేయించుకున్న పని చెడితే చెడిందని చెప్పారు. ఏ గృహస్థయినా చేసే పనే.

మరొక విడ్డూరం కూడా చెప్పాలి. లెక్కలు పెరిగినకొద్దీ ఈ చిన్న తప్పులు పోగుపడి సమాచారాన్ని మింగివేస్తాయి. అప్పుడప్పుడు వాటిని కడిగి తగ్గించడానికి జెంట్రీ కనిపెట్టిన ఉపాయంలో, తాళపుచెవినే గుప్తీకరించి, ఆ గూఢలేఖను పనివాని చేతికి ఇస్తారు. విప్పలేడు గనుక ప్రమాదం లేదని ధైర్యం. భోజనవేళ దాడి చేసేవానికి ఇక వేరే తెలివితేటలు ఎందుకు? ఆ గూఢలేఖనే విప్పించుకుంటే తాళపుచెవి చేతికి వస్తుంది. కనుక ఈ తరహా పద్ధతులు మొదటి మెట్టు పరీక్షకు కూడా నిలవవు. ఆ మెట్టు వరకైనా నిలిచే పద్ధతులను 2017లో కానెట్టి, వైకుంఠనాథన్ మొదలైనవారు నిర్మించి చూపారు గాని, వాటి ఖర్చు ఎక్కువ. అనుమతించిన కొన్ని మార్పులకు మాత్రమే లొంగి, తక్కిన వేటికీ లొంగని గుప్తీకరణను 2008లో మనోజ్ ప్రభాకరన్, మైక్ రోజులెక్ ప్రతిపాదించారు. నా మటుకు నాకు అది వివేకవంతమైన దారిగా తోస్తుంది. పనివానికి లేతు ఇచ్చి రంపం ఇవ్వకపోవడం వంటిది.

దొంగ ఏమీ కలపకపోయినా ప్రమాదం ఉన్న సందర్భం ఒకటి 2021లో తేలింది. దశాంశ భిన్నాలతో ఉజ్జాయింపు లెక్కలు చేయడానికి 2017లో కొరియా శాస్త్రజ్ఞులు ఒక పద్ధతి తెచ్చారు. వైద్య గణాంకాలకు అది బాగా అనువైనది. దానిలో విప్పిన ఫలితంలోనే ఆ చిన్న తప్పు కలిసిపోయి ఉంటుంది. అటువంటి ఫలితాన్ని ఉన్నదున్నట్లు ఇతరులకు ఇస్తే తాళపుచెవి బయటపడవచ్చునని బైయూ లీ, మిక్కియాంచో నిరూపించారు. మైక్రోసాఫ్ట్ సంస్థ ఇటువంటి లెక్కలకు ఉచితంగా ఇచ్చే సీల్ అనే సాధనంతోపాటు, విప్పిన ఫలితాలను తాళపుచెవి గలవారు తమ దగ్గరనే ఉంచుకోవాలనే హెచ్చరిక కూడా ఉన్నది. ఫలితం ఎవరికీ చెప్పకూడనప్పుడు లెక్క చేయించడం ఎందుకని మనవంటివారికి అనిపించడం సహజం. బయటికి ఇచ్చే ముందు ఫలితానికి మరికొంత అడ్డదిడ్డమైన తప్పు కలిపి ఆనవాలు చెరిపివేయడం దీనికి విరుగుడు. అప్పుడు ఫలితం మరికాస్త మొరటవుతుంది.

మా బావ అంతా విని, తన కార్మిక జీవితానికి తగిన ప్రశ్న వేశాడు. “అయితే లెక్క తప్పొస్తే ఎవరికి చెప్పుకోవాలి? నోరు మూసుకుని డబ్బు కట్టాలా?”

ఈ ప్రశ్నకు శాస్త్రజ్ఞుల దగ్గర ఒక జవాబు ఉన్నది. చెప్పిన లెక్కనే చేశాననే రుజువును పనివాడు ఫలితంతోపాటు పంపాలి. రుజువు సరిపోకపోతే యజమాని ఆ పెట్టెను విప్పనే విప్పడు. విప్పనిదానిమీద ఫిర్యాదు చేస్తే లోపలి రహస్యమేదీ జారదు. కాని అటువంటి రుజువులు తయారుచేయడానికి అసలు లెక్కను మించిన శ్రమ పడుతున్నది. అంత భరించలేనివారికి మిగిలేది పాత కాపురపు పద్ధతి. మొదట తాళం మార్చుకోవాలి. సరుకంతా కొత్త తాళంతో మళ్లీ పంపాలి. ఫిర్యాదు ఆ తరువాత చేయాలి. ఒక తాళపుచెవికి ఒకే ఫిర్యాదు అయితే దొంగకు దక్కే టైటు, లూజు జవాబులు బాగా తగ్గిపోతాయి. గోడమీద రాసుకునేందుకు పెద్దగా ఏమీ ఉండదు.

ఇదంతా మా బావ బెంగాలీలో పక్కింటి వృద్ధునికి చెప్పాడు. ఆయన ఇత్తడి రజను దులుపుకుంటూ ఏదో అన్నాడు. ఏమన్నాడని అడిగాను.

“ఆ పార్టీ కూడా చివరికి అదే చేసిందట. రంధ్రం కొలత మార్చేసి, పని వేరే షాపుకు ఇచ్చారట.”